ఏది పొడుగు?

ముప్ఫయ్యైదు పేపర్లలో ముప్ఫైనాలుగు దిద్దడం ఒక్క పీరియడులో అయిపోయింది. ఆఖరి పేపరు దగ్గర స్కేలు టీచరు ఎర్రపెన్ను ఆగింది. పదికి ఆరు. ఏడొస్తే రెండో తరగతి, ఆరొస్తే మళ్ళీ ఒకటో తరగతి. ఈ ఏడు పెద్ద మేడం పెట్టిన కొత్త నియమం అది. ఒక్క మార్కుకు ఒక ఏడాది పోతుందంటే ఇంకెవరైనా పేపరు మళ్ళీ ఒకసారి తిప్పి చూసేవాళ్ళు. స్కేలు టీచరు కూడా తిప్పి చూసింది, ఇంకో తప్పు దొరుకుతుందేమోనని.

పేపరు ఆవిడే తయారుచేసింది. బొమ్మలూ ఆవిడే గీసింది. ప్రశ్నకు రెండు గళ్ళు, గడికో బొమ్మ. ఏది పొడుగు, ఏది పొట్టి, ఏది బరువు, ఏది వెడల్పు, ఏది పెద్దది. సరైన బొమ్మ చుట్టూ పిల్లలు సున్నా చుట్టాలి, అంతే. దారపు రీలు, పెన్సిలు: ఏది పొడుగు? పరిచిన తువ్వాలు, మడతపెట్టిన దుప్పటి: ఏది పెద్దది? మూసిన గొడుగు, పళ్ళెం: ఏది వెడల్పు? చెంచా, ఊలు ఉండ: ఏది పొడుగు? కళ్ళున్న ఎవరైనా చెప్పగలరు. ముప్ఫైనాలుగు మంది చెప్పారు కూడా. ఈ పిల్ల మాత్రం దారపు రీలు చుట్టూ సున్నా చుట్టింది. దుప్పటి చుట్టూ, గొడుగు చుట్టూ, ఊలు ఉండ చుట్టూ చుట్టింది. ఎక్కడా చెరిపి దిద్దిన మరక లేదు. తడబడుతూ చేసిన తప్పయితే టీచరుకు కాస్త జాలి కలిగేదేమో. ఇంత ధీమాగా చేసిన తప్పును చూస్తే ఒళ్ళు మండింది.

"గుండీ, ఇలా రా."

గుండీ టైలరమ్మ కూతురు. ఆరేళ్ళది. కుట్టు షాపులో మిగిలిపోయిన గుండీలన్నీ దాని బట్టల మీదికే చేరతాయి కాబట్టి చొక్కాకు ఒకటి ఎర్రది, ఒకటి నీలంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి. ఆ పేరు అలా వచ్చింది. స్కేలు టీచరు పేరు కూడా పిల్లలు పెట్టిందే. చెక్క స్కేలు చేతిలో లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. దానితో కొట్టదు. కోపం వచ్చినప్పుడు బల్ల మీద నిటారుగా నిలబెట్టి పట్టుకుంటుంది. అది నిలబడిందంటే గదిలో చప్పుడుండదు.

"ఇదేంటి?"

"దారం టీచర్."

"ఇది?"

"పెన్సిల్."

"ఏది పొడుగు?"

"దారం."

టీచరు సొరుగు లాగి నిజం పెన్సిలు ఒకటి, తెల్లదారం రీలు ఒకటి తీసి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది. రీలు పెన్సిలుకు సగం కూడా రాలేదు.

"ఇప్పుడు చెప్పు."

గుండీ రెండింటినీ చూసింది. రీలును చేతిలోకి తీసుకుని బొటనవేలి గోటితో దారం కొస వెతికింది. అలవాటైన వేలు. కొస వెంటనే దొరికింది.

"విప్పితే..."

"విప్పమన్నానా? నిన్నెవరు విప్పమన్నారు? చూసి చెప్పమన్నాను."

"చూసే చెప్పాను టీచర్."

తరగతి గొల్లుమంది. బల్ల మీద స్కేలు నిలబడింది. నవ్వు ఆగిపోయింది. ఆరేళ్ళ పిల్ల తనకు ఎదురుచెప్పిందని టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. రీలు లాక్కుని సొరుగులో పడేసింది.

"కనపడేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి. పొగరుకు మాత్రం కొదవ లేదు. రేపు మీ అమ్మ సంతకం పెట్టించుకుని రా."

'మళ్ళీ ఒకటో తరగతిలోనే చదివించుటకు నాకు సమ్మతమే' అని అచ్చువేసిన కాగితం ఒకటి ఉంది. దానిమీద పేరు రాసి పిల్ల చేతిలో పెట్టింది. గుండీ ఆ కాగితాన్ని అంచులు కలిపి, వేలితో గీటుపెట్టి, నాలుగు మడతలు చేసింది. ఏ మడతా పక్కకు జరగలేదు. అది కూడా టీచరుకు పొగరులాగే కనిపించింది.

మర్నాడు కాగితం అదే మడతల్లో తిరిగివచ్చింది. సంతకం లేదు. పిల్ల వెనకాలే తల్లి వచ్చింది. ప్రార్థన కాకముందే గేటు దగ్గర నిలబడింది. మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది, తీసి రావడం మరిచిపోయినట్టుంది. అప్పటికే తరగతి పిల్లలు గేటు ఊచలు పట్టుకుని పాట కట్టారు.

"గుండీ ఊడిపోయింది! గుండీ ఊడిపోయింది!"

టైలరమ్మ వాళ్ళ వంక చూడలేదు. స్కేలు టీచరు వంకే చూసింది.

"టీచరుగారూ, మా పిల్ల ఏం తప్పు రాసిందో నాకు చూపించండి. చూశాక సంతకం పెట్టాలో వద్దో చెబుతాను."

"పేపర్లు తల్లిదండ్రులకు చూపించం."

"దాన్ని ఏడాది కూచోబెట్టడానికి మాత్రం తల్లి కావాల్సి వచ్చిందా?"

"చూడమ్మా, నీ కూతురికి పొడుగేదో పొట్టేదో తెలీదు. వెడల్పంటే తెలీదు. పొద్దస్తమానం షాపులో నీ కాళ్ళ దగ్గర కూచోబెట్టుకుంటే చదువెలా వస్తుంది?"

టైలరమ్మ మెడలోని టేపు రెండు కొసలూ పిడికిలిలోకి తీసుకుంది. "మా పిల్లకా? కొలతలు తెలీవా?" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వులో మర్యాద ఒక్క చుక్క లేదు. "మీ ఒంటి మీదున్న ఆ జాకెట్టు భుజాలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుట్టారు. ఇందాకే నా చెవిలో చెప్పింది. ఎవరు కుట్టారో గానీ."

గేటు దగ్గర బడి ఆయా ఉంది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్కేలు టీచరు చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి వెళ్ళి, సగంలో సిగ్గుపడి దిగిపోయింది.

"పిల్లను తీసుకుపో. సంతకం పెట్టేదాకా బడికి పంపించకు."

"తీసుకుపోతున్నాను. మీరు చెప్పేదాకా ఉంటామనుకున్నారా?"

పెద్ద మేడం తన గదిలోంచి ఇదంతా చూసింది. ఆవిడకు గొడవ ఇష్టం ఉండదు. తన గొంతుతో జరిగే గొడవ అయితే ఫరవాలేదు. "గురువారంలోగా ఆ సంతకం నా బల్ల మీద ఉండాలి. మీరు దిద్దిన పేపరు, మీ తలనొప్పి. వెళ్ళి తెస్తారో, రప్పిస్తారో మీ ఇష్టం" అంది.

ఆ సాయంత్రం స్కేలు టీచరు జాకెట్టు మార్చుకుని మరీ కుట్టు షాపుకు వెళ్ళింది.

షాపంటే రెండు మంచాలు పట్టేంత గది. గోడవారగా కుట్టు మిషను, దాని పక్కన కత్తిరింపు బల్ల, బల్ల కింద ముక్కల గుట్ట. గోడకు మేకులకు కుట్టాల్సినవి ఒకవైపు, కుట్టినవి ఒకవైపు వేలాడుతున్నాయి. టైలరమ్మ ఒక కర్టెను అంచు కుడుతోంది. తల ఎత్తింది, చూసింది, మళ్ళీ దించుకుంది. మిషను ఆపలేదు. కూర్చోమని అనలేదు. కూర్చోవడానికి ఉన్న ఒక్క ముక్కాలిపీట మీద గుండీ ఉంది. అది లేవబోతే తల్లి "కూచో" అంది.

టీచరు గుమ్మంలో నిలబడే మాట్లాడింది. "సంతకం పెట్టమ్మా. ఒక్క ఏడాదే కదా. పునాది గట్టిపడుతుంది."

"గుండీ, పెద్ద పట్టీ ఇలా ఇయ్యి," అంది తల్లి, టీచరు అక్కడ లేనట్టే.

బల్ల కొసన ఒకే రంగు గుడ్డ మడతలు నాలుగు ఉన్నాయి. టీచరు కంటికి నాలుగూ ఒకటే. గుండీ లేచి ఒక్కోదాని అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టి, పెదవులు కదుపుతూ మడతలు లెక్కపెట్టి, మూడోది తీసి ఇచ్చింది. తల్లి విప్పకుండానే మిషను మీదికి లాక్కుంది.

స్కేలు టీచరు ఊరుకుంటే ఇంకో కథ అయ్యేది. ఊరుకునే మనిషి కాదు. పిల్లను తల్లి ముందే బోల్తా కొట్టించాలని బుద్ధి పుట్టింది. లోపలికి అడుగుపెట్టి, బల్ల మీంచి రెండు గుడ్డలు ఎంచింది. ఒకటి పెద్ద చదరంగా, పల్చగా మడతపెట్టి ఉంది. ఇంకోటి అరచేతిలో పట్టేంత, మందంగా ఉంది.

"ఏదే పొడుగు?"

గుండీ తల్లి వంక చూసింది. మిషను చప్పుడు ఆగింది. చెప్పమన్నట్టు తల్లి గడ్డం ఎత్తింది. గుండీ రెండింటి అంచులూ నొక్కి చూసి చిన్నదాని మీద చెయ్యి పెట్టింది.

"ఇది. రెండున్నర మీటర్లుంటది."

"అదెలా? చిన్నగా ఉంటే?"

"దీనికి పది మడతలున్నాయి. దానికి రెండే."

టైలరమ్మ లేచి మెడలోంచి టేపు తీసింది. చిన్న మడతను విసురుగా దులిపింది. గుడ్డ బల్ల దాటి, పీట దాటి, టీచరు చెప్పుల మీద పడింది. టేపు పట్టి కొలిచింది. రెండు మీటర్ల నలభై ఐదు. పెద్దది విప్పితే మీటరు కూడా లేదు.

"అయిదు సెంటీలు తప్పింది లెండి," అంది టైలరమ్మ. "ఆరేళ్ళది కదా."

టీచరు వాదించకుండా ఉండలేక వాదించింది. "ఇది షాపు. అది పరీక్ష. పరీక్షలో కనపడేది చూసి చెప్పాలి. అక్కడ దుప్పటి మడతపెట్టి ఉంది."

"మడతపెడితే దుప్పటి పొట్టిదైపోతుందా?"

టీచరు వంగి చెప్పుల మీది గుడ్డను పక్కకు జరిపింది.

"అడుగుతుంటే చెప్పరేం? మూసిన గొడుగు కింద వానకు తడుస్తారా మీరు? తెరుస్తారా? మా పిల్ల దానికి గుడ్డ వేస్తుంటే చూసింది. ఎనిమిది ముక్కలు పడతాయి. పళ్ళెమంత ఉంటుందా అది?" అప్పటికి పిల్ల నోటి నుంచి పేపరంతా రాబట్టిందన్నమాట. "సంతకం పెట్టను. మీరు నా పిల్లను తీసేసినా సరే. పొండి."

పొమ్మనిపించుకుని స్కేలు టీచరు వీధిలోకి వచ్చింది. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆవిడను ఎవరూ పొమ్మనలేదు. ఇంటికి వెళ్ళేదాకా టైలరమ్మను తిట్టుకుంది. నోటి దురుసుదని, గర్విష్ఠిదని, పిల్లను పాడుచేస్తోందని. ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెట్టడానికి కూర్చుంది. దుప్పటి రెండు కొసలు పట్టుకుని సగానికి మడిచింది. మళ్ళీ సగానికి. మళ్ళీ సగానికి. అది తువ్వాలు కంటే చిన్నదయ్యేసరికి ఆవిడ తిట్లు అయిపోయాయి. అదే బొమ్మ ఆవిడ గీసింది. గడిలో పట్టలేదని మడిచి గీసింది. గడి చిన్నదని తాను మడిచిన దుప్పటికి, ఆ పిల్ల ఏడాది చెల్లించాలా అనుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం గుండీ బడికి రాలేదు. మొదటి పీరియడులోనే స్కేలు టీచరు సొరుగులోంచి తెల్లదారం రీలు తీసి, ముందు వరుసలో పిల్లకు కొస పట్టుకోమంది. తాను రీలు విప్పుకుంటూ గది దాటి, వరండా చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. పిల్లలు గుమ్మం దగ్గర తోసుకున్నారు. నాలుగుసార్లు తిరిగినా రీలు మీద దారం తగ్గినట్టే లేదు. అయిదోసారికి ఆవిడకు ఆయాసం వచ్చింది.

"ఏది పొడుగు? పెన్సిలా, దారమా?"

"దారం!" పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

"మరి పరీక్షలో అందరూ పెన్సిలని ఎందుకు పెట్టార్రా?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొస పట్టుకున్న పిల్ల చెప్పింది. "మీరు పెన్సిలంటే రైటు వేస్తారు కదా టీచర్."

ఆ మాట విన్నాక పెద్ద మేడం గదికి వెళ్ళక తప్పలేదు. వెళ్ళింది. తన పేపరు తప్పని చెప్పింది. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఆవిడ మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

పెద్ద మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ముప్ఫైనాలుగు మంది ఒకటి చెప్పారు. ఒక్కత్తి ఒకటి చెప్పింది. ఆ ఒక్కత్తి రైటంటే, ఈ ముప్ఫైనాలుగు మందిని ఏం చెయ్యమంటారు? ఫెయిల్ చెయ్యమంటారా?"

"వాళ్ళను ఏం చెయ్యొద్దు. ఆ పిల్లకు నాలుగు మార్కులు కలపండి."

"నిన్న గేటు దగ్గర ఆ తల్లి మిమ్మల్ని నాలుగన్నది. ఇవాళ మీరు నాలుగు కలపమంటున్నారు. రేపు ప్రతి తల్లీ గేటు దగ్గరికొచ్చి నాలుగంటుంది."

"ఆవిడ అన్నందుకు కాదు మేడం. ఆ పిల్ల చెప్పింది నిజం."

"అలాగా?" పెద్ద మేడం కళ్ళద్దాలు పెట్టుకుంది. "సరే. శుక్రవారం నా ఎదురుగా నోటితో పరీక్ష పెట్టండి. అవే ప్రశ్నలు. మీరు అందించకూడదు. ఆ పిల్ల తనంతట తాను దారమే పొడుగని, ఎందుకో కూడా చెబితే, మీ జవాబుల కాగితం మార్చేస్తాను. అందరికీ మార్చేస్తాను. చెప్పలేదనుకోండి, పాత కాగితమే. దాని ప్రకారమే మార్కులు. మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు."

ఇంతకంటే ఏం కావాలి? గుండీ కారణం చెప్పలేకపోతుందేమోనన్న భయమే టీచరుకు లేదు. తన ముఖాన రెండుసార్లు చెప్పిన పిల్ల అది. స్టాఫ్ రూములో కూర్చుని తల్లికి చీటీ రాసింది. 'శుక్రవారం పదిగంటలకు పాపకు మళ్ళీ పరీక్ష. అదే పేపరు. ఈసారి నోటితో చెప్పాలి. తప్పక తీసుకురాగలరు.' పెన్ను పట్టుకుని ఇంకో వాక్యం కోసం చాలాసేపు కూర్చుంది. పాప రాసిందే సరైనది, తప్పు నాది. అంతే రాయాలి. ఆ మాట పెద్ద మేడంకు చెప్పగలిగింది. ముప్ఫైనాలుగు మంది పిల్లల ముందు దారం విప్పి ఒప్పుకోగలిగింది. కానీ తనను పొమ్మన్న మనిషికి, తన భుజాల ఎగుడుదిగుడు చూసి నవ్విన మనిషికి, చేతిరాతతో రాసివ్వడానికి చెయ్యి రాలేదు. ఆ కాగితం పట్టుకుని వీధంతా చూపించదూ? శుక్రవారం ఎలాగూ తెలుస్తుందిలే అనుకుంది. చీటీ అంతటితో మడిచి ఆయాకు ఇచ్చింది. ఆయాది కూడా ఆ వీధే.

"చదివిందా? ఏమంది?" అని గురువారం ఆయాను అడిగింది.

"ఏమీ అనలేదండీ. రెండుసార్లు చదివి, మిషను మీద గుడ్డ కప్పేసింది. ఇవాళ షాపు తియ్యలేదు. తల్లీ కూతురూ లోపల కూచుని ఏదో వల్లిస్తున్నారు."

వల్లించడం అన్న మాట టీచరు చెవిన పడింది గానీ మనసున పడలేదు. రేపటి పరీక్షకు ఇంట్లోంచి దుప్పటి, తువ్వాలు, గొడుగు, పళ్ళెం, చెంచా తేవాలన్న హడావిడిలో ఉంది. ఊలు ఉండ కోసం పక్కింటివాళ్ళ తలుపు తట్టింది. బొమ్మలు వద్దు, నిజం వస్తువులే ముందు పెడితే పిల్ల చెయ్యి ఊరుకోదు, పెద్ద మేడం కళ్ళ ముందే విప్పి చూపిస్తుంది. ఈ ఊహ ఆవిడకు ఎంత నచ్చిందంటే, చాలా ఏళ్ళ తర్వాత బడికి తొందరగా వెళ్ళాలనిపించింది.

శుక్రవారం పదింటికి తల్లీ కూతురూ వచ్చారు. గుండీ చొక్కాకు అన్నీ ఒకే రంగు గుండీలున్నాయి. నాలుగూ తెల్లవి. టైలరమ్మ గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడింది. స్కేలు టీచరు పలకరింపుగా తల ఊపితే చూపు పక్కకు తిప్పుకుంది.

బల్ల మీద వస్తువులన్నీ వరసగా ఉన్నాయి. పెద్ద మేడం పాత జవాబుల కాగితం పట్టుకుని కూర్చుంది. మొదట బరువు, తేలిక ప్రశ్నలు. గుండీ చకచకా చెప్పేసింది. తర్వాత టీచరు దారపు రీలూ పెన్సిలూ దాని ముందుకు జరిపింది. కావాలనే రీలు కొస కాస్త వదులు చేసి పెట్టింది.

"ఏది పొడుగు?"

"పెన్సిల్."

టీచరు తాను సరిగా వినలేదనుకుంది. "ఏదీ?"

"పెన్సిల్ టీచర్."

దాని చూపు వస్తువుల మీద లేదు. టీచరు ముఖం మీద ఉంది. ఏ కండరం కదులుతుందో కనిపెడుతున్నట్టు రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"సరిగా చూడమ్మా. చేతిలోకి తీసుకుని చూడు. విప్పి..."

"అందించొద్దన్నాను," అంది పెద్ద మేడం.

గుండీ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. "విప్పకూడదు," అంది గబగబా. "చూసి చెప్పాలి." ఆ తర్వాత ప్రశ్న కోసం ఆగలేదు. నీళ్ళు ఒలకకుండా మోస్తున్న మనిషిలా మెడ కదపకుండా ఏకధాటిగా అప్పజెప్పింది. "తువ్వాలు పెద్దది. దుప్పటి చిన్నది. పళ్ళెం వెడల్పు. గొడుగు సన్నం. చెంచా పొడుగు. ఊలు ఉండ పొట్టి."

ఊపిరి పీల్చుకుని, సరిపోయిందా అన్నట్టు గుమ్మం వంక చూసింది. గుమ్మంలో టైలరమ్మ నేల వంక చూస్తోంది.

"పదికి పది," అంది పెద్ద మేడం. కాగితం టీచరు ముందుకు తోసింది. "మీ పేపరుకేం? దివ్యంగా ఉంది. వచ్చే ఏడు కూడా ఇదే వాడదాం. సంతకం చెయ్యండి."

ఇవన్నీ తప్పులని అరవాలనిపించింది స్కేలు టీచరుకు. అరిస్తే ఏమవుతుంది? తప్పులైతే పిల్ల మళ్ళీ ఆరు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. రైటులైతే రెండో తరగతికి వెళుతుంది. పెద్ద మేడం వేలు కాగితం మీద ఆగి ఉంది. టీచరు పది వేసింది. కింద సంతకం పెట్టింది. తన సంతకం చూస్తే తల తీసేసినట్టయింది.

వరండాలోకి వచ్చాక తల్లి ఎదురుగా నిలబడింది. ఇప్పుడైనా చెప్పాలి. "ఎందుకలా నేర్పించావమ్మా? మొదట అది చెప్పిందే రైటు. అదే చెబుతుందని..."

"ఏం రాసి పంపారు మీరు?" టైలరమ్మ గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ తగిలింది. "అదే పేపరు అని రాశారు. అదే పేపరంటే అవే జవాబులు. ఇంకేమనుకోవాలి నేను? నిన్నంతా మిషను మూసుకుని కూచుని నేర్పించాను. దుప్పటి చిన్నదని నా నోటితో నా పిల్లకు చెప్పాను. కాదమ్మా, కాదమ్మా అని ఏడిచింది. ఏడుస్తుంటే నోరు మూయించి చెప్పించాను. తెలుసా మీకు?"

"తప్పు నాది. చీటీలో అది రాయలేదు. రాయాల్సింది."

 ఈలోగా గుండీ టీచరు చెయ్యి పట్టుకుని లాగింది. పరీక్ష గట్టెక్కిన సంతోషంతో దాని ముఖం విచ్చుకుని ఉంది. భయం పోయింది. పనికొచ్చే సంగతి ఒకటి ముందే తెలుసుకుని పెట్టుకుందామన్న తెలివి మాత్రం కళ్ళలో ఉంది.

"టీచర్, రెండో తరగతిలో ఏది పొడుగు?"

స్కేలు టీచరు మోకాళ్ళ మీద వంగింది. "దారమేనమ్మా. దారమే పొడుగు. రెండో తరగతిలో అయినా, ఎక్కడైనా."

గుండీ తల్లి వంక చూసింది, నమ్మొచ్చా అన్నట్టు. తల్లి దాని చెయ్యి టీచరు చేతిలోంచి విడిపించి తన చేతిలోకి తీసుకుంది.

"అది అడిగింది నిజమేంటని కాదు. ఆ టీచరు దేనికి రైటు వేస్తారని," అంది.

ఇద్దరూ మెట్లు దిగి గేటు వైపు వెళ్ళిపోయారు.